చెట్టు నాది, నడుం ఎవరిది?

ఈ నాలుగు మాటలు రాయాలా వద్దా అని ఆరునెలలుగా తేల్చుకోలేకపోయాను. మన సంకలనాల్లో మనకి జరిగిన అన్యాయాలు రాసుకుంటాం. రాసుకోవాల్సిందే. వాళ్లు రాయరు గనక మనమే రాసుకోవాలి. కానీ మన చేతుల మీదుగా జరిగింది రాయాలంటే కలం సాగదు. ఎదుటివాడి చేతికి కర్ర ఇచ్చినట్టవుతుందేమోనని ఒక భయం. మన ముఖం మనకే కనబడుతుందని అంతకంటే పెద్ద భయం. ఈ పుస్తకం చదివేది ఉద్యమంలో ఉన్నవాళ్లు, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలు. రేపు వాళ్లకీ ఉద్యోగాలొస్తాయి. ఇళ్లు కొనుక్కుంటారు. ఆ ఇంటి పెరట్లో ఒక చెట్టుంటుంది. అందుకని రాస్తున్నాను.

మాది కోనసీమ. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ఇంటాయన గాని, మా అమ్మ తరపు వాళ్లు గాని పదో తరగతి గడప తొక్కినవాళ్లు లేరు. డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. మా నాన్న దింపు పని చేసేవాడు. దింపు అంటే తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను: కొబ్బరిచెట్టు ఎక్కి, గెలలు నరికి, కాయలు దించడం. కోనసీమ అనగానే సినిమావాళ్లకి పచ్చదనం గుర్తొస్తుంది. మాకు గుర్తొచ్చేది ఎత్తు. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి ఆకాశం, మట్టలు, గాలి కనబడతాయి. పైనున్నవాడికి నేల కనబడుతుంది.

కాళ్లకి ఒక తాడు బందం, మొలలో కత్తి. అంతే సరంజామా. మిగతాదంతా ఒళ్లే. చలికాలం మాను మంచుకి తడుస్తుంది, వానాకాలం నాచు పడుతుంది. ఎన్ని చెట్లెక్కితే అన్నిటికి కూలి. ఎక్కకపోతే లేదు. మా నాన్న గుండె మీద చర్మం చెట్టు బెరడులాగే ఉండేది. చిన్నప్పుడు నేను ఆయన మీద పడుకుంటే చెంపకి గుచ్చుకునేది.

1998లో, నేను అయిదో తరగతిలో ఉండగా, ఒక కామందు తోటలో చెట్టు మీద నుంచి నాన్న పడ్డాడు. వెన్ను విరిగింది. ఆ కామందు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక్క మనిషి సంగతైపోతుంది. ఆయన మంచివాడనే పేరున్నవాడు కూడాను. పడ్డవాడి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడట. వచ్చి, ముందు మా నాన్న నోటి దగ్గరికి వంగి వాసన చూశాడట. తర్వాతే ‘మంచం తీసుకురండ్రా’ అని కేకేశాడట. అక్కడే కాయలు పోగేస్తున్న మా అమ్మ కళ్లారా చూసింది. ఆస్పత్రికి అయిదొందల రూపాయలు, అరటిపళ్ల గెలలో ఒక అత్తం పట్టుకుని వచ్చి, ‘నేను వద్దంటూనే ఉన్నానమ్మా, తాగి ఎక్కాడు’ అన్నాడు.

నాన్న ఆ రోజు తాగాడా? తాగాడు. ఒక ముంత కల్లు తాగితేగాని ఎక్కేవాడు కాదు. ఒళ్లు నొప్పులకి సగం, భయానికి సగం. ఈ ముక్క నేను దాచను. దాచితే, తాగని కూలివాడికే న్యాయం కావాలని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఎనిమిదేళ్లు నులకమంచం మీదున్నాడు. అమ్మ పీచు ఫ్యాక్టరీకి వెళ్లేది. వచ్చాక ఆయనకి పక్క మార్చి, పుళ్లు కడిగి, అన్నం పెట్టేది. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేవాణ్ణి. 2006లో పోయాడు. ఇంటర్లో ఉండగా ఒక సెలవుల్లో అమ్మ ట్రంకుపెట్టె తీసి, ‘ఇందులో ఏం రాశారో చదువు’ అని ఒక ఆస్పత్రి కాయితం చేతికిచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ‘ఫాల్ ఫ్రమ్ ఓన్ కోకోనట్ ట్రీ’ అని ఉంది. సొంత కొబ్బరిచెట్టు మీద నుంచి పడ్డాడట! మాకు సెంటు భూమి లేదు. ఎవరు చెప్పారిలా అని అడిగితే, కామందు గుమాస్తా చెప్పాడంది. ‘నిజం చెబితే కేసవుద్ది, పోలీసులొస్తారు, నీకే ఇబ్బంది’ అన్నాడట. నాన్న తలూపాడట. మా నాన్నకి జీవితంలో చెట్టంటూ ఉన్నది ఆ కాయితం మీదే.

ఆ కాయితం గురించి నేను సభల్లో చెప్పాను. యూనివర్సిటీలో ఒకసారి అంబేడ్కర్ జయంతి రోజు చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ చప్పట్లు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది. 2021లో బ్యాంకు లోను పెట్టి చిన్న టౌన్లో అయిదు సెంట్లలో పాత ఇల్లు కొన్నాను. పెరట్లో మూడు కొబ్బరిచెట్లు. అమ్మ ఇంట్లోకి వచ్చిన రోజు ముందు వంటిల్లు చూడలేదు. పెరట్లోకెళ్లి మూడు చెట్లనీ ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకి చూసింది. ఏం అనుకుందో అడగలేదు నేను.

కిందటేడు కార్తీకమాసంలో వారం రోజులు ముసురు పట్టింది. మూడింట్లో ఒక చెట్టు పక్కింటి వైపు వాలి ఉంటుంది. దాని కింద పక్కింటాయన కొత్త కారు పెట్టుకుంటాడు. ‘మేస్టారూ, ఎండుమట్ట గాని, కాయ గాని పడి అద్దం పగిలితే మీరే కట్టుకోవాలి’ అని రెండుసార్లు అన్నాడు. నిజానికి రోడ్డెక్కే ప్రతి కారుకీ చట్టం ప్రకారం ఎంతోకొంత బీమా తప్పనిసరి. ఆయన అద్దానికి కూడా పాలసీ ఉండే ఉంటుంది. అయినా నాకు భయమేసింది. అద్దం ఖరీదెంతో ఫోన్లో కనుక్కున్నాను కూడా. మిత్రులారా, గమనించండి. కారు అద్దం బాధ్యత నా మీద పడుతుందని ముందే లెక్కేసుకున్నాను. మనిషిని పిలుస్తున్నానే, ఆ మనిషి సంగతి లెక్కలోకే రాలేదు.

దింపు చేసే ఒకాయన ఉన్నాడు. యాభై దాటినవాడు. మావాడే. చుట్టరికం లేదు గాని మా నాన్నని ఎరుగున్నవాడు, నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను మేస్టారూ అంటాడు. చెట్టుకి నూట యాభై అడిగాడు. నేను వందకి బేరమాడాను. ఏమని బేరమాడాను? ‘మనోళ్లమే కదా బాబాయ్’ అన్నాను. మనోళ్లం అనే మాట కోసం మన పెద్దలు ఎంత నెత్తురు కార్చారు! కారంచేడు, చుండూరుల్లో ఆ మాటకి ప్రాణాలు పోయాయి. నేను దాన్ని యాభై రూపాయలు తగ్గించుకోవడానికి వాడుకున్నాను.

ఆయన మాను మీద చెయ్యేసి చూసి, ‘నాచు మీదుందండీ మేస్టారూ, రెండ్రోజులు ఎండ తగలనివ్వండి’ అన్నాడు. నాకు ఆదివారమే తీరిక, పక్కింటాయన పోరు పడలేకపోతున్నాను అన్నాను. సరేనండీ అన్నాడు. సరేనండీ అనే మాటకి మన పల్లెల్లో అర్థం ఒప్పుకున్నానని కాదు. ఇంక మాట్లాడి లాభం లేదని.

రెండు చెట్లు దించాడు. మూడోది, ఆ వాలిన చెట్టు, దిగుతుండగా రెండు నిలువుల ఎత్తులో కాలి బందం జారింది. చప్పుడు పెద్దగా రాలేదు. తడిసిన ధాన్యం బస్తా పడినట్టు వచ్చింది.

ఇక్కడి నుంచి అబద్ధం లేకుండా రాయాలి. పరుగెత్తాను. పరుగెత్తుతుంటే నా తలలో వచ్చిన మొదటి ఆలోచన ఆయన బతికున్నాడా అని కాదు. ఎవరైనా చూశారా అని. రెండోది, కేసైతే ఉద్యోగానికి ఏమైనా అవుతుందా అని. దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూచున్నాను. ‘బాబాయ్, బాబాయ్’ అంటూ ఆయన ముఖం మీదికి వంగాను. ఆ వంగడంలో ఊపిరి లోపలికి పీల్చాను. వాసనొచ్చింది. వచ్చేసరికి నా గుండెలో బరువు కొంచెం తగ్గింది.

తలెత్తితే గుమ్మంలో అమ్మ. చేతిలో నీళ్లచెంబు ఉంది.

ఆటోలో ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లాం. ఎట్లా పడ్డాడని అడిగారు. చెట్టు మీద నుంచి అన్నాను. ‘ఎవరి చెట్టు?’ అని అడిగాడు రాసుకునేవాడు. నేను నోరు తెరిచేలోగా, స్ట్రెచర్ మీద నుంచి బాబాయే అన్నాడు, ‘మాదేనండి’ అని. పళ్లు బిగబట్టుకుని, నొప్పిని అదుముకుంటూ, నన్ను కాపాడాడు. రాసుకునేవాడు రాసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. అది మా చెట్టు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం గడిచిపోయింది. తర్వాత చాలా క్షణాలొచ్చాయి. అవన్నీ కూడా గడిచిపోయాయి.

కుడికాలి మడమ ఎముక చితికింది. నడుం దగ్గర ఒక పూస నొక్కుకుపోయింది. ప్రాణానికి భయం లేదు, నడుస్తాడు గాని చెట్టెక్కడం ఇంక మానుకోవాలన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆయన చాలా తేలిగ్గా అన్నారు, పచ్చళ్లు మానుకోవాలన్నట్టు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ ఒక్కటే అడిగింది.

‘వాసనొచ్చిందా అబ్బాయ్?’

మర్నాడు స్టాఫ్‌రూంలో సంగతి చెప్పాను. నా మీద అభిమానంతోనే అందరూ సలహాలిచ్చారు. ఒకాయన, ‘డబ్బులివ్వండి గాని నష్టపరిహారం అనకండి, మానవత్వంతో ఇస్తున్నానని చెప్పండి. లేకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది’ అన్నారు. ఇంకొకాయన కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ పెరట్లో చెట్టు కొట్టేవాణ్ణి పిలిచేముందు నీకు ఇన్సూరెన్సుందా, కాయితం చూపించు అని అడుగుతారట. లేకపోతే వాడు పడితే ఇంటాయన మీద దావా వేస్తాడని భయమట. విని నాకు నవ్వొచ్చింది. అక్కడ పనివాడు కోర్టుకెక్కుతాడని ఇంటివాడికి భయం. ఇక్కడ ఇంటివాడు రేపు పని ఇవ్వడేమోనని పనివాడికి భయం. మాదేనండి అన్నాడు బాబాయ్. అది ఒట్టి మంచితనమైతే దణ్ణం పెట్టేవాణ్ణి. అందులో భయం ఎంతో, అలవాటెంతో నాకు తెలుసు. మా నాన్న తలూపడంలో ఉన్నదే అది.

పదిహేను వేలిచ్చాను. ఒక బస్తా బియ్యం పంపించాను. ఇచ్చొచ్చిన రోజు కొంచెం తృప్తిగా పడుకున్నాను. తెల్లవారుజామున మెలకువొచ్చి లెక్కేశాను. 1998లో అయిదొందలు, అరటిపళ్లు. ఇప్పుడు పదిహేను వేలు, బియ్యం బస్తా. ధరలు పెరిగాయి. ఇంకేం మారింది?

అప్పుడు చట్టం చదవడం మొదలుపెట్టాను. లాయరు మిత్రుడొకాయన పుస్తకం ఇచ్చాడు. పనిలో పడ్డవాడికి పరిహారం ఇవ్వాలనే చట్టం ఈ దేశంలో 1923లోనే వచ్చింది. తెల్లవాడి కాలంలో. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్‌లోకి దాన్ని కలిపేశారు. ఆ పాత చట్టంలో నన్ను ఆపేసినవి రెండు ముక్కలు. ఒకటి, పని వల్ల, పని చేస్తుండగా ప్రమాదం జరిగిందా అని చూస్తుందేగాని యజమాని తప్పు చేశాడా అని మొదట చూడదు. తప్పు లేకపోయినా బాధ్యత ఉంటుందన్నమాట. రెండోది తాగుడు సంగతి. తాగి ఉండటం వల్లే దెబ్బ తగిలిందని తేలితే యజమాని తప్పించుకోవచ్చునని మొదట్నుంచీ ఉంది. కానీ మనిషి శాశ్వతంగా ఏ పనీ చెయ్యలేకుండా అయిపోతే ఆ సాకు చెల్లదని 1995లో సవరించారు. 1995! మా నాన్న పడింది 1998లో. కామందు వంగి వాసన చూసేనాటికి, ఆ వాసన చట్టంలో మూడేళ్ల కిందటే చెల్లని కాసయింది. మాకెవరు చెప్పాలి? మా పేటకి రేషను కార్డు సంగతి చెప్పడానికే మనిషి రాడు.

ఇంకొకటుంది. అప్పుడప్పుడు పిలిచే కూలీని, తన వ్యాపారం కోసం కాకుండా పెట్టుకున్నవాణ్ణి, ఆ చట్టం 2000 సంవత్సరం దాకా లెక్కలోకి తీసుకునేది కాదు. ఆ మినహాయింపు అప్పుడు ఎత్తేశారు. అయినా చట్టం వెనక పనుల పట్టిక ఒకటుంది. పెరట్లో మూడు చెట్ల దింపు అందులో ఎక్కడ ఇముడుతుందో మా లాయరు కూడా తడుముకున్నాడు. ‘వాదించాల్రా’ అన్నాడు. వాదించాలంటే ముందు ఎవడో అడగాలి. అడగాల్సినవాడు మాదేనండి అన్నాడు.

మురుగుగుంటల్లో దిగి చచ్చిపోయిన మనవాళ్ల సంగతి చూడండి. 2013లో చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ చావులకి పది లక్షలివ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్పై లక్షలు చేసింది. కోర్టులకి దయ పుట్టి రాలేదవి. సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్లతరబడి పేర్లు పోగేసి, లెక్కలు రాసి, అడిగితే వచ్చాయి. అడిగాక కూడా ఎంతమందికి అందుతున్నాయో వేరే కథ. అయినా అక్కడ ఒక అంకె ఉంది. ఆ అంకె చూపించి ఒక విధవరాలు ఆఫీసు ముందు కూచోగలదు. చెట్టు మీద నుంచి పడ్డవాడి పెళ్లాం ఏ అంకె చూపించాలి?

బీమాల సంగతి కూడా వెతికాను. ముందు నా జీతం బిల్లు తీసి చూసుకున్నాను. ప్రభుత్వ జీవిత బీమాకి కోత ఉంది, గ్రూపు ఇన్సూరెన్సుకి కోత ఉంది, ఆరోగ్య పథకానికి కోత ఉంది. నేను సుద్దముక్క పట్టుకుని నేల మీద నిలబడి చేసే పనికి ఇన్ని రక్షణలు. లోను ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లు ఇంటికీ బీమా చేయించారు. గోడలకుంది, గోడల మధ్య పనిచేసేవాడికి లేదు. తర్వాత తెలిసిందేమంటే, గృహస్తుల పాలసీ అని ఒకటుందట. అందులో ఇంట్లో పనిచేసేవాళ్లకి ప్రమాదం జరిగితే యజమాని మీద పడే బాధ్యతకి కూడా ఒక భాగం ఉంటుందట. నాకు పాలసీ అమ్మిన ఏజెంటు దొంగతనం గురించి చెప్పాడు, అగ్నిప్రమాదం గురించి చెప్పాడు. ఇది చెప్పలేదు. నేనూ అడగలేదు. దొంగ వస్తాడని ఊహించాను గాని, పనివాడు పడతాడని ఊహించలేదు.

2015లో కేంద్రం పెట్టిన సురక్షా బీమా ఉంది. మొదట ఏడాదికి పన్నెండు రూపాయలు, 2022 జూన్ నుంచి ఇరవై. ప్రమాదంలో చచ్చిపోతే రెండు లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే లక్ష. ఆస్పత్రి ఖర్చులకి గాని, పోయిన కూలికి గాని అది రాదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు, చెట్లెక్కేవాళ్ల కోసమే కేర సురక్ష అని ఒక ప్రమాద బీమా పెట్టింది. చెట్ల కింద పుట్టి, చెట్ల కింద పెరిగి, బీఈడీ చదివి, నేనే ఆ పేరు వినలేదు. పక్కన తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. రైతు ఏ కారణంతో పోయినా కుటుంబానికి అయిదు లక్షలు, కిస్తీ ప్రభుత్వమే కడుతుంది. మంచిదే. కానీ పట్టా పాసుపుస్తకం ఉన్నవాడే దాని లెక్కలో రైతు. ఆ భూమిలో దిగి పనిచేసే కూలివాడు కాడు. బీమా కూడా భూమి వెంటే నడుస్తుంది ఈ దేశంలో.

ఇదంతా తెలిశాక ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. నాకు ఆ పాలసీ ఉండుంటే, ‘ఎవరి చెట్టు?’ అనగానే ‘నాదే’ అని ధైర్యంగా చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణేమో. కంపెనీ కడుతుంది గదా. అయితే నా నిజాయితీ ఖరీదు ఏడాదికి కట్టే కిస్తీ అన్నమాట. బీమా కట్టి పనివాణ్ణి పిలిచినవాడు మంచివాడు, కట్టనివాడు చెడ్డవాడు అని తేల్చేస్తే పని అయిపోతుందా? పాలసీ చేతిలో ఉంటే, నాచు పట్టిన చెట్టు ఎక్కించడానికి నాకు ఇంకాస్త ధైర్యం రాదా? బీమా కావాలి. ఖచ్చితంగా కావాలి. డబ్బు లేని జాలితో విరిగిన నడుం అతకదు. కానీ రెండ్రోజులాగమన్నవాడి మాట వినడానికి ఏ కంపెనీ కిస్తీ తీసుకోదు.

కొందరు మిత్రులు అంటారు, నువ్వెంత, నీ జీతమెంత, లోను కడుతున్నవాడివి, నిన్ను నువ్వు కామందుతో పోల్చుకోవడం అతి అని. అసలు దోషి ప్రభుత్వం, వ్యవస్థ అని. నిజమే, వందెకరాల తోటకీ మూడు చెట్లకీ తేడా ఉంది. ఈ వ్యవస్థ నేను పుట్టించింది కాదు. కానీ ఆ కామందుకి కూడా అప్పులున్నాయి. ఆయన కూడా మా అమ్మతో ఆ మాటే అన్నాడు. ఆయన నోట్లో అది సాకు అయినప్పుడు నా నోట్లో సిద్ధాంతం ఎట్లా అవుతుంది?

నాకర్థమైనంతవరకు సంగతి ఇది. నాకు కాయలు కావాలి. పైకి వెళ్లడం నాకిష్టం లేదు. నా పిల్లలు వెళ్లడం అంతకంటే ఇష్టం లేదు. ఆ ఎత్తులో ఉన్న ప్రమాదాన్ని నేను ఇంకొకడికి అప్పగించి కిందకి కాయలు మాత్రం తెప్పించుకుంటున్నాను. వంద రూపాయలు దేనికిచ్చాను? పావుగంట పనికి. ఆయన మెడకి, నడుముకి, రేపటి కూలికి ఆ వందలో వాటా లేదు. ఆయన ఇష్టపడే ఎక్కాడు గదా అంటారు. ఇష్టం అంటే వేరే దారి కూడా ఉండాలి. మా నాన్నకి లేదు, బాబాయికి లేదు. నాకు మాత్రం ఉంది. రెండ్రోజులాగే దారి.

అందుకని ఆయనకి నేనివ్వాల్సింది దయ కాదు, బాకీ. స్టాఫ్‌రూంలో పెద్దాయన చెప్పిన కిటుకంతా ఈ తేడాలోనే ఉంది. దయ అయితే ఎంతివ్వాలో, ఎప్పుడాపాలో ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. పుచ్చుకునేవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. బాకీ అయితే గుమ్మం ముందుకొచ్చి అడుగుతాడు. దయ వద్దు, హక్కు కావాలని మనం జెండాల మీద రాసుకున్నాం. అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మికశాఖ చూశాడు. ఆ సంగతి మా బడిలో జయంతి నాడు ఎవరూ చెప్పరు, రాజ్యాంగం దగ్గర మొదలెట్టి రాజ్యాంగం దగ్గరే ఆపేస్తారు. పుచ్చుకునే చోట నిలబడ్డప్పుడు హక్కు అన్నాం. ఇచ్చే చోటికి వచ్చేసరికి మానవత్వం అంటున్నాం. పదిహేను వేలిచ్చినప్పుడు బాబాయి రెండు చేతులూ జోడించాడు. నేను ఆ చేతుల్ని పట్టుకుని కిందకి దించలేదు. ఆ నిమిషంలో నాకది బాగానే ఉంది.

ఆస్పత్రికి మళ్లీ వెళ్లాను. అప్పుడు చెప్పింది తప్పు, చెట్టు నాది, మార్చి రాయండి అన్నాను. వాళ్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. రిజిస్టరులో రాసింది కొట్టెయ్యడానికి లేదన్నారు.

పాత చట్టంలో పరిహారం అడగడానికి రెండేళ్ల గడువుంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక తెల్లకాయితం మీద రాశాను. ఫలానా తేదీన, ఫలానా ఇంటి పెరట్లో, నా చెట్టు మీద నుంచి, నేను పిలిచిన పనిమీద ఉండగా, నాచు ఉందని ఆయన చెప్పినా నేను వినకపోవడం వల్ల, ఈయన పడ్డాడు అని. కింద సంతకం పెట్టాను. మా ఆవిడ చదివి, ‘ఇది రేపు ఎవడి చేతిలోనైనా పడితే?’ అంది. ఆ భయం నాకూ ఉంది. ఇప్పటికీ ఉంది. నెలకి మూడు వేలు చొప్పున ఆయన మళ్లీ ఏదో ఒక పనిలో కుదురుకునేదాకా ఇస్తానని కూడా అందులోనే రాశాను. అది సరిపోతుందని నేననుకోవడం లేదు.

పట్టుకెళితే బాబాయి అరుగు మీద కూచుని చీపుర్లకి ఈనెలు చీరుతున్నాడు. కర్ర పక్కన పెట్టుకున్నాడు. సురక్షా బీమా ఫారం కూడా తీసుకెళ్లాను. ‘ఇరవై రూపాయలకి రెండు లక్షలంటే, నేను మళ్లీ పడాలాండీ మేస్టారూ?’ అని నవ్వాడు. వేలుముద్ర వేశాడు. రెండో కాయితం ఇస్తే, ఏంటండీ ఇది అన్నాడు. నేను చెప్పలేకపోయాను. నాతోపాటు వచ్చిన అమ్మ అరుగు మీద ఆయన పక్కన కూచుంది.

‘ఈడు రాసింది ఈణ్ణే చదవమను. మనిద్దరం ఇందాం’ అంది.

చదివాను. ‘నా చెట్టు మీద నుంచి’ అన్న దగ్గర అమ్మ, ‘మళ్లీ చదువు’ అంది. మళ్లీ చదివాను. బాబాయి ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి రేషను కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. వాలిన చెట్టు కొట్టించేశారా అని అడిగాడు. లేదన్నాను. గెలలు పండిపోయి ఉంటాయండీ, కింద ఎవర్నీ తిరగనియ్యకండి అన్నాడు.